భుజాల మీద కాళ్ళు

యుద్ధం ముగిసి రెండేళ్ళయినా ఆయన కుర్చీలో కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర్నుంచి మళ్ళీ కుర్చీ దాకా. కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య తల ఎత్తకుండానే అనేది: "గదికి నాలుగే మూలలండీ. ఎన్నిసార్లు తిరిగినా అయిదోది రాదు."

ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే మళ్ళీ లేచేవాడు.

యుద్ధంలో ఆయన నడిపింది ఇద్దరు మాత్రమే పట్టే చిన్న ట్యాంకు. ముందు, కింద, డ్రైవరు. వెనక, కాస్త ఎత్తున, తిరిగే ఫిరంగి గూడులో కమాండరు. డ్రైవరుకి కళ్ళముందు వేలెడు వెడల్పు కంత ఒక్కటే. కమాండరుకి నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. లోపల చెవులు చిల్లులు పడే రొద. మాట్లాడుకోవడానికి పెట్టిన వైర్లెస్సు పనిచేసింది తక్కువ, మొరాయించింది ఎక్కువ. అందుకని కమాండరు బూటుకాళ్ళతో మాట్లాడేవాడు. ఎడమ భుజం నొక్కితే ఎడమకి తిప్పాలి, కుడి భుజం నొక్కితే కుడికి. రెండూ కలిపి నొక్కితే ఆగాలి. ఏదీ నొక్కకపోతే పోతున్న దారినే పోతూ ఉండాలి. మూడేళ్ళపాటు ఆయన లోకాన్ని చూసింది కళ్ళతో కాదు, భుజాలతో.

ఒక మధ్యాహ్నం ఆ కాళ్ళు భుజాల మీంచి లేచిపోయాయి. ఏదీ నొక్కలేదు కదా అని ఆయన తిన్నగా పోనిచ్చాడు. బీడు దాటింది, కంచె దాటింది, కాలవలో ముక్కు దిగబడ్డాక గాని బండి ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే కమాండరు ఒరిగిపోయి ఉన్నాడు, ఒళ్ళు చల్లబడుతోంది. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఆ తర్వాత ఎంతసేపు ప్రాణం ఉందో చెప్పేవాళ్ళు లేరు. కాళ్ళు లేచినప్పుడే ఆగి చూసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం ఆయన వెంట ఇంటిదాకా వచ్చింది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భుజాలే చెప్పేశాయి. ఇంటికొచ్చిన కొత్తలో సైకిలు మీద వెనక కూర్చున్న భార్య ఏదో కొట్టు చూపించబోయి ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. మరుక్షణం సైకిలు, మొగుడు, పెళ్ళాం ముగ్గురూ ఎడమవైపు మురిక్కాలవలో ఉన్నారు. ఆమె చీరకంటిన బురద దులుపుకుంది. ఆ తర్వాత ఎప్పుడు ఎక్కినా సీటు కిందే పట్టుకుని కూర్చునేది.

అలాంటి మనిషికి మళ్ళీ ట్యాంకే ఉద్యోగమయింది. యుద్ధం అయిపోయాక సైన్యం పాత బండ్లని వదిలించుకోవడం మొదలుపెట్టింది. కొన్నిటిని కోసి ఇనుముగా కరిగించారు. కొన్నిటిని మైదానంలో నిలబెట్టి, కొత్తగా చేరిన సిపాయిలకి గురి నేర్పడానికి కాల్పించారు. కొన్నిటికి ఫిరంగి గూడు ఊడబెరికి, ముందు అడ్డంగా ఇనుప పలక బిగించి, నేల చదును చేసే పనులకి అమ్మేశారు. ఇళ్ళు కట్టే కంపెనీ ఒకటి అలాంటిదాన్ని కొంది. నెత్తి మీద గూడు లేదు కాబట్టి కూలీలు దానికి బోడిబండి అని పేరు పెట్టారు. అక్కడ మెకానిక్కుగా ఉన్న బావమరిది బావ పేరు చెప్పాడు.

రెండోవారమే కొంప మునిగింది. ఎదురుగా ఎర్రజెండా పట్టుకుని మేస్త్రి గంతులేస్తున్నాడు, ఆగమని. ఆయన కంతలోంచి జెండా చూశాడు. చూశాడు గాని, భుజాల మీద ఏమీ పడలేదు. బండి తిన్నగా వెళ్ళి కంపెనీవారి సొంత ఆఫీసు గోడలోంచి లోపలికొచ్చి, ఇంజనీరుగారి బల్లకి జానెడు ఇవతల, అడ్డమొచ్చిన ఇనుప బీరువాకి ఆనుకుని నిలబడింది.

ఇంజనీరు అరవలేదు. టీ కప్పులో పడిన సున్నం పెచ్చు తీసి పక్కన పెట్టాడు. "బడి గోడ పక్కన ఏడు చెట్ల మొదళ్ళున్నాయి," అన్నాడు. "గోడకీ వాటికీ మధ్య రెండడుగులు. శనివారంలోగా పెకలించాలి. గోడ మీద గీత పడిందా, బండి వెనక్కి సైన్యానికి పోతుంది. వాళ్ళు కాల్చుకోడానికి అడుగుతూనే ఉన్నారు. మీరు ఇంటికి పోతారు."

ఇల్లంటే ఆ నాలుగు మూలలే. ఆ సాయంత్రం, మొదటిసారి, భుజాల సంగతి బావమరిదికి చెప్పాడు. కమాండరు సంగతి కూడా. పక్కనే మిషను ఆగిపోయింది.

బావమరిది చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "ఇంతేనా బావా. గూడు పోయినా దాని కన్నం ఉందిగా. నేను కూర్చుని తొక్కుతాను."

మర్నాడు ఖాళీ మైదానంలో తొక్కి చూశాడు. దారి మీద కంటే ఇంజను చప్పుడు మీదే ధ్యాస ఉన్న మనిషి. నొక్కాల్సినప్పుడు ఆలస్యం, నొక్కితే దిమ్మిస పోటు. బండి గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. క్యారేజీ తెచ్చిన భార్య గట్టు మీద నిలబడి చూసింది.

"దిగరా," అంది తమ్ముణ్ణి. "అది మీ బావ భుజమా, పాము తలా?"

"నువ్వు తొక్కు మరి. బోలెడు రోషం."

"అదే తొక్కుదామని."

ఆయన నెత్తి మీది మూత ఎత్తి తల బయట పెట్టాడు. "నువ్వా? నలుగురూ చూస్తారు."

"చూడనివ్వండి. అన్నేళ్ళు బూట్లు మోశారు. ఇవి చెప్పులు కూడా లేని కాళ్ళు."

ఇరవయ్యేళ్ళుగా మిషను తొక్కిన పాదాలవి. ఎంత నొక్కితే సూది ఎంత కదులుతుందో తెలిసినవి. ఎడమ భుజం మీద కాస్త బరువు. ఆయన చెయ్యి తనంతట తనే ఎడమ లివరు లాగింది. బండి ఎడమకి ఒద్దికగా తిరిగింది. మూడు రోజులు అలా తిరిగాక శనివారం పొద్దున్నే, క్యారేజీ కూడా బండి మీదే పెట్టుకుని, బడి గోడ పక్కకి చేరారు.

ఒకటో మొదలు లేచింది. రెండు, మూడు. గోడ ఆయనకి కనబడదు. కుడి భుజానికే తెలుసు గోడ ఎక్కడుందో. చెమట కళ్ళలోకి కారుతోంది. ఆరోది సగం ఊడి మొండికేస్తే, రెండు భుజాలూ నొక్కి ఆపి, మళ్ళీ వదిలి, చీర అంచు కుట్టినంత నెమ్మదిగా తోయించింది. ఇంజనీరు వచ్చి నిలబడ్డాడు. కన్నంలోంచి పైకి కనిపిస్తున్న ఆడమనిషి తలని చూసి ఏదో అనబోయి, గోడని చూసి ఊరుకున్నాడు.

ఏడోదాని దగ్గర, పలక వేళ్ళ కిందికి దూరుతుండగా, భుజాల మీది కాళ్ళు రెండూ లేచిపోయాయి.

ఏదీ నొక్కలేదు. తిన్నగా పోవాలి.

ఆయన రెండు లివర్లూ ఒక్కసారిగా వెనక్కి లాగాడు. బండి గట్టిగా ఊగి ఆగింది. ఇంజను ఆపేశాడు. మూత తోసుకుని పైకి లేచి, వెనక్కి తిరిగి చూశాడు.

ఆమె కన్నం అంచు మీద బోర్లా పడుకుని, జారిపోతున్న క్యారేజీని రెండు చేతులా ఒడిసిపట్టుకుని ఉంది.

"ఎందుకు ఆపారు? నేను నొక్కలేదుగా."

ఆయన ఆమె మొహంలోకి, చేతుల్లోకి, ఒలికిన పులుసులోకి మార్చి మార్చి చూశాడు.

"ఉన్నావో లేదో చూద్దామని," అన్నాడు.

ఆమె క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని సర్దుకుంది. "ఉన్నాను. కూర్చోండి, ఇంకా మూడడుగులుంది."

గోడకి గీత పడలేదు. బోడిబండి ఇంకో తొమ్మిదేళ్ళు నడిచింది. ఆ సాయంత్రం కూడా ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి. మూడో మూలకి చేరేసరికి మిషను చప్పుడు ఆగింది. ఆయన నడక ఆపి, వెనక్కి తిరిగి చూశాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది.