నానమ్మ తన మీద వేసుకున్న తప్పు

నా చిన్నప్పుడు గోపన్‌పల్లిలో రోజూ మధ్యాహ్నం ఒక విజిల్ మోగేది. అది వినగానే మా నానమ్మ పొయ్యి మీది గిన్నె దించి కింద పెట్టేది. కాసేపటికి నేల అదిరేది, గూట్లో గ్లాసులు గలగలలాడేవి. ఆఫీసు భవనాలు కట్టడానికి ఊరి చివర బండలు పేల్చేవాళ్లు. పేల్చిన చోట ఎరుపు, పసుపు తీగల ముక్కలు దొరికేవి. వాటిని మెలిపెట్టి ఉంగరాలు, గాజులు అల్లుకోవడం మా పిల్లలకు పిచ్చి. అటువైపు పోతే కాళ్లు విరగ్గొడతానని మా నాన్న చెప్పి ఉన్నాడు. ఆయన గచ్చిబౌలిలో ఒక కంపెనీ బండి నడిపేవాడు. మాట తక్కువ, కోపం ఎక్కువ.

మా మిద్దె మీద ఒక్క గది ఉండేది. నాకు పదేళ్లప్పుడు అందులో ఒక అక్క, ఆమె తమ్ముడు కిరాయికి దిగారు. వాళ్లది సోమాలియా. అక్కడి యుద్ధంలో ఇల్లూ, ఇంట్లోవాళ్లూ పోగా మిగిలింది ఇద్దరే. తమ్ముడు పట్నంలో డిగ్రీ చదివేవాడు. అక్క వెనక్కి పోతే ప్రాణం దక్కదు కాబట్టి, ఇక్కడే ఉండనిమ్మని ఢిల్లీలో శరణార్థుల పని చూసే ఆఫీసుకు అర్జీ పెట్టుకుని, జవాబు కోసం ఎదురు చూస్తోంది. ఇదంతా ఆ తమ్ముడు వచ్చీరాని హిందీలో చెబితే నానమ్మ పూర్తిగా విన్నది. ఆమెకు అర్థమైన సంగతి ఒక్కటే. "ఇల్లు కాలిన పిల్ల. ఉండనీ," అన్నది.

ఊళ్లోవాళ్లు ఆ అక్కను ఏమీ అనేవాళ్లు కాదు, పలకరించేవాళ్లూ కాదు. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు ఆమె బిందె ఎలాగో వరుస చివరికి చేరిపోయేది. ఆమె తీసి ముందు పెట్టుకునేది కాదు. నాకైతే ఆమెను చూస్తే కొంచెం భయం, కొంచెం వింత. మెట్ల మీద ఎదురైతే గోడకు అతుక్కుని నిలబడేదాన్ని.

ఆ ఎండాకాలంలో పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒక పుకారు పుట్టింది. నార్సింగిలో పట్టుకున్నారట అని ఒకరు, కాదు ఇంకెక్కడో అని ఒకరు. చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా అమ్మలందరూ సాయంత్రం కాకముందే పిల్లలను లోపలికి పిలిచేవాళ్లు.

ఒక రోజు అమ్మానాన్నలు పనికి పోయారు. నానమ్మ రేషన్ షాపుకు పోయింది. నేను తీగల కోసం బండల దగ్గరికి పోయాను. జేబు నింపుకుంటుండగా విజిల్ మోగింది. పరుగెత్తి రావాలని తెలుసు. కానీ విజిల్ ఊదే మనిషి మా నాన్నకు స్నేహితుడు. చూస్తే చెప్పేస్తాడు. ఆయన అటు పోయేదాకా అని ఒక బండ వెనక నక్కి కూర్చున్నాను.

మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న అక్కకు నా గౌను కనిపించిందట. నాకు తెలిసింది మాత్రం ఎవరో నా రెక్క పట్టుకుని గుంజడమే. నేను గింజుకున్నాను, కొరికాను. ఆమె వదలలేదు. రోడ్డు పక్కన సగం కట్టిన గోడ దాకా ఈడ్చుకుపోయి, నన్ను నేల మీద పడేసి, నా చెవులు మూసి, మీద పడుకుంది. భూమి అదిరింది. గోడకు అవతల రాళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆమె గుండె నా వీపు మీద దడదడ కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. ఆమె వణుకుతూ తన భాషలో ఏదో గొణుగుతోంది.

అప్పుడే రోడ్డు మీద బండిపై పోతున్న ఇద్దరు మనుషులు మమ్మల్ని చూశారు. వాళ్లకు పేలుడు రోజూ వినే చప్పుడు. కొత్తగా కనిపించింది ఏడుస్తున్న పిల్లను అదిమి పట్టుకున్న పరాయి ఆడమనిషి.

వాళ్లు మమ్మల్ని మా ఇంటి ముందుకు తెచ్చేసరికి గుంపు ముప్పై మంది అయ్యింది. ఒకామె అక్క తల మీది గుడ్డ పట్టి లాగింది. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఇంకెవరో, పోలీసులు వచ్చేలోపు మనమే చూసుకుందాం అన్నారు. అక్కకు వచ్చిన నాలుగు హిందీ మాటలూ భయంలో ఎటో పోయాయి. చేతులు అడ్డం ఊపుతూ నా వైపే చూస్తోంది.

ఒక పెద్దమనిషి నా ముందు వంగి అడిగాడు. "చెప్పు బిడ్డా, ఈమెనేనా నిన్ను గుంజుకపోయింది?"

జేబులో తీగలు నా తొడకు గుచ్చుకుంటున్నాయి. ఎక్కడున్నావని అడిగితే బండల దగ్గరని చెప్పాలి. చెబితే నాన్న. నేను తల ఊపాను. గుంజుకుపోయిన మాట నిజమే కదా అని లోపల అనుకున్నాను. ఆ తల ఊపుతో గుంపు మొత్తం ఒక్క అడుగు ముందుకు జరిగింది. అక్క నా వైపు చూడడం మానేసింది.

నానమ్మ వచ్చింది అప్పుడే. రేషన్ సంచి గడప మీద పెట్టి, గుంపులోకి దూరి, అక్క చెయ్యి పట్టుకుని మా అరుగు మీద కూర్చోబెట్టింది. తాను ముందు నిలబడింది.

"జర ఆగుండ్రి. పోలీసోళ్లొస్తరు గద. అప్పటిదాక ఈ పిల్ల నా ఇంట్ల కూసుంటది."

"పెద్దమ్మా, నీకు తెల్వది. నీ మనుమరాలే చెప్పింది," అన్నాడు ఆ పెద్దమనిషి.

"అసలు ఊరూ పేరూ లేనివాళ్లకి గది ఎందుకిచ్చారండీ మీరు?" అంది పక్కింటి ఆంటీ.

నానమ్మ నా దగ్గరికి వచ్చి గౌను సవరించింది. జేబులోంచి ఒక ఎర్ర తీగ కొస బయటికి వేలాడుతోంది. దాన్ని వేలితో మెల్లగా లోపలికి తోసింది. తర్వాత అందరి వైపు తిరిగింది.

"తప్పు నాది. చీపురు కట్టనీకె తీగలు కావాలని పొద్దుగాల నేనే దీన్ని బండల కాడికి తోలిన. ముసల్దాన్ని, మతి లేకపాయె. తిడితే నన్ను తిట్టుండ్రి."

నేను నోరు తెరిచి చూశాను. నానమ్మ నన్ను ఎక్కడికీ పంపలేదు. ఆమె నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినపడేటంత మెల్లగా అన్నది. "ఇగ చెప్పు బిడ్డా. నిన్నెవ్వరేమనరు."

చెప్పాను. విజిల్ మోగినా దాక్కున్నానని, అక్క వచ్చి లాక్కుపోయిందని, రాళ్లు పడుతుంటే నా మీద పడుకుందని ఏడుస్తూ చెప్పాను. విజిల్ ఊదే మనిషిని పిలిపించారు. ఆయన పోయి చూసి, మొహం పాలిపోయి వచ్చాడు. నేను కూర్చున్న చోట బిందెంత రాయి పడి ఉందట. గుడ్డ లాగిన ఆమె దాన్ని దులిపి, ఎవరి చేతికివ్వాలో తెలియక అరుగు మీద పెట్టింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

పోలీసులు వచ్చి కాగితాలు అడిగారు. కేసు పడితే ఢిల్లీ అర్జీ మూలన పడుతుందని తమ్ముడు భయపడ్డాడు. మర్నాడు నానమ్మ ఆ అక్కాతమ్ముళ్లతో స్టేషన్‌కు పోయి, ఈ పిల్ల మా ఇంటి మనిషేనని చెప్పి వేలిముద్ర వేసి వచ్చింది.

అంతటితో అయిపోలేదు. గొడవ జరిగిన రోజు సాయంత్రం నాన్న నానమ్మ మీద అరిచినట్టు ఎప్పుడూ అరవలేదు. "పిల్ల చచ్చిపోతుండె. నీకు మతి ఉన్నదా అమ్మా?" అన్నాడు. ఆమె తల వంచుకుని అన్నం తిన్నది. ఒక్క మాట చెబితే చాలు, నాన్న కోపం నా మీదికి మళ్లేది. చెప్పలేదు. నాన్న ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఒక రోజు, రెండు రోజులు. ఆమె నీళ్ల చెంబు అందిస్తే చూడకుండా తీసుకునేవాడు. నానమ్మ నన్ను మందలించలేదు, గుర్తు కూడా చేయలేదు.

మూడో రోజు నాన్న చెప్పులు వేసుకుంటుంటే పోయి ఎదురుగా నిలబడ్డాను. నానమ్మ నన్ను పంపలేదని, నేనే పోయానని చెప్పాను. ఆయన చెయ్యి ఎత్తలేదు. లోపలికి పోయి, నానమ్మ పక్కన కాసేపు ఊరికే కూర్చుని, పనికి వెళ్లిపోయాడు.

ఆ ధైర్యంతోనే మెట్లెక్కి అక్క దగ్గరికి పోయాను. ఏమని చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. "నేను తల ఊపిన," అని మాత్రం అన్నాను. ఆమెకు అర్థమైంది. నన్ను దగ్గరికి పిలిచి, నా గౌను చెయ్యి పైకి జరిపి చూసింది. రెక్క మీద ఆమె వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. వాటిని చూసి ఆమె కళ్లనిండా నీళ్లు వచ్చాయి. "దర్ద్?" అని హిందీలో, నొప్పిగా ఉందా అన్నట్టు అడిగింది. క్షమించమని అడగడానికి పోయిన నన్ను ఆమె క్షమించమని అడుగుతోంది.

ఊళ్లో ఎవరూ ఆమెకు తప్పయిందని చెప్పలేదు. కానీ తర్వాతి వారం ట్యాంకర్ వచ్చినప్పుడు ఆమె బిందెను ఎవరో వరుస మధ్యలో పెట్టారు. ఎండాకాలం పోయేసరికి ఆమే "జర జరుగుండ్రి" అనడం నేర్చుకుంది. అది విని అందరూ నవ్వితే ఆమె కూడా నవ్వింది. రెండేళ్లకు ఢిల్లీ నుంచి, ఈ దేశంలో ఉండొచ్చని కాగితం వచ్చింది. అయినా మరో ఏడేళ్లు మా మిద్దె మీదే ఉంది. నానమ్మ పోయినప్పుడు ఎవరూ చెప్పకుండానే మా అమ్మ పక్కన, ఇంటి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. లేవమనాలని ఎవరికీ తోచలేదు.

నేనిప్పుడు బడిలో టీచర్ని. మా క్లాసులో ఒరియా పిల్లలు, బిహారు పిల్లలు, నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్ల పిల్లలు ఉంటారు. ఏదైనా పోయినా, విరిగినా నలభై వేళ్లు కొత్తగా వచ్చిన పిల్ల వైపే లేస్తాయి. అప్పుడు నేను ఆ వేళ్ల వెంట చూడను. వేలు ఎత్తకుండా, తల వంచుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డ పిల్ల ఎవరా అని వెతుకుతాను. కనిపిస్తే ఏమీ అడగను. ముందు, నానమ్మ నాకు చేసినట్టు, ఆ పిల్లకూ భయానికీ మధ్యకు పోయి నిలబడతాను.