ముందు వరస కుర్చీలు

మా మేడం పోయారన్న కబురు ఆ రోజు పొద్దున్నే టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఛాతీలో నొప్పి అన్నారట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. నేనింకా ఫోను పట్టుకుని గోడకు ఆనుకునే ఉన్నాను. ఆమెను శిక్షణల నుంచి తీసేయించిన మా బడి పెద్దసారు అప్పుడే చేతులు జోడించిన బొమ్మలు పెట్టి 'తీరని లోటు' అని రాశాడు. ఏడవాల్సిన నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా ఆరలేదు, ఈ నాలుగు మాటలూ అందులోనే రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను క్షమించాలి. ఆయనను మాత్రం నేను క్షమించను.

మేడం మాలాంటి టీచర్లకు పాఠం చెప్పే టీచరు. చెవులు వినిపించని పిల్లలు, నడక తూలే పిల్లలు, ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు వినే తండా పిల్లలు, అందరికీ ఒకే గదిలో చదువెలా చెప్పాలో నేర్పేవారు. ఎండాకాలం శిక్షణ అంటే మాకు తెలిసిందల్లా సంతకం పెట్టడం, భోజనం కాగానే బస్సు టైము చూసుకోవడం. ఆమె దగ్గర అది సాగేది కాదు. చేతిసంచిలో సకినాల డబ్బా ఉండేది. 'నాకు అర్థం కాలేదు' అని లేచి ఒప్పుకున్నవాళ్లకే సకినం. మొదట్లో ఎవరూ నోరు మెదిపేవాళ్లు కాదు. శిక్షణ ముగిసేసరికి డబ్బా ఖాళీ అయ్యేది.

"పిల్లకు సమజ్ కాలేదంటె పిల్లను తిట్టకుండ్రి. ఇంకో తొవ్వ చూడుండ్రి," అనేవారు.

మహబూబాబాద్‌లో ఒకసారి మా అందరి చెవుల్లో దూది పెట్టించి, బోర్డు వైపు తిరిగి మెల్లగా పాఠం చెప్పారు. తర్వాత దూది తీయించి మా పెద్దసారును లేపి ప్రశ్న అడిగారు. ఆయన నీళ్లు నమిలాడు.

"ఏంది సార్, గింత మొద్దుగున్నవ్? ఇంట్ల చదువుతలేవా?" అన్నారు, అచ్చం మేము పిల్లలను అడిగే గొంతుతోనే.

గది గొల్లుమంది. ఆయన ముఖం మాడిపోయింది. "నన్నే మొద్దంటవా?" అని అరిచాడు.

"ఒక్క పాఠానికే గింత కోపమొస్తే, పొద్దంత గట్లనే కూసునే పిల్లకు ఎంత రావాలె సార్?" అని, ఆయన చేతిలో ఒక సకినం పెట్టారు. మేమంతా నేర్చుకున్నాం. ఆయన కక్ష కట్టాడు.

మా వైపు కొన్ని బళ్లలో ఒక పాడు అలవాటుంది. ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారంటే, సరిగ్గా చదవలేని పిల్లలకు ముందురోజే 'రేపు రాకు' అని చెప్పి పంపేస్తారు. నర్మెట్ట వైపు మా బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి ఉండేది. నడక తూలేది, మాట ఆగి ఆగి వచ్చేది. ఒక తనిఖీకి ముందురోజు మేడం మా బడి చూడటానికి వచ్చి ఉండగా, ఆ పిల్ల తల్లి తండా నుంచి వచ్చింది.

"మేడం, రేపు నా బిడ్డను తోలియ్యొద్దన్నరు పెద్దసారు. ఏం తప్పు జేసింది?"

మర్నాడు మేడం తానే తండాకు పోయి పిల్లను చేయి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పెద్దసారు గుమ్మంలో అడ్డం నిలబడితే ఒక్కటే మాటన్నారు: "బడి పిల్లలది సార్. మనం జీతానికొచ్చినోళ్లం."

ఆఫీసరు అడిగినదానికి ఆ పిల్ల జవాబు చెప్పింది. కాకపోతే మెల్లగా చెప్పింది. ఆఫీసరుకు అంత ఓపిక లేదు, బడికి చెడ్డ పేరు రాసి పోయాడు. పెద్దసారు తిరగని గడప లేదు, చెప్పని చాడీ లేదు. చివరకు మేడంను శిక్షణల నుంచి తప్పించి, భూపాలపల్లి జిల్లాలో ఘనపూర్ అవతల ఒక బడికి పంపించారు. నేను ఫోను చేసి ఏడిస్తే ఆమె నవ్వారు.

"పోనియ్ చెల్లె. ఈడ గూడ పిల్లలున్నరు గద."

ఆమె పోనిచ్చారు. నేను పోనివ్వలేదు. ఇప్పుడు ఆ శిక్షణలు ఇచ్చేది ఆ పెద్దసారే. ఆమె దూది పాఠాన్నే తన పాఠంగా చూపిస్తున్నాడు.

సంతాప సభ జనగామలో పెట్టిందీ ఆయనే. ముందురోజు నాకు ఫోను చేశాడు. "మీరు గూడ మాట్లాడాలె మేడం. కని ఆ పిల్లలను గిట తీస్కరాకుండ్రి. ఆఫీసర్లొస్తున్నరు, పిల్లలు లొల్లి చేస్తరు."

ఆమె చావు దగ్గరికి కూడా ఆమె పిల్లలు రాకూడదట! నేను ఫోను పెట్టేశాను. ఆటో మాట్లాడుకుని తండాలన్నీ తిరిగాను. సభ మొదలుకాకముందే పిల్లలను తీసుకుపోయి ఆఫీసర్ల కోసం గుడ్డ కప్పి ఉంచిన కుర్చీల్లో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల సరిగ్గా మేడం ఫొటోకు ఎదురుగా కూర్చుంది. పెద్దసారు నన్ను చూసి పళ్లు కొరికాడు. ఆఫీసర్లు వెనక వరసలోకి పోయారు. నిజం చెప్తున్నాను, నాకు పండగలా ఉంది.

ఆయన మైకు పట్టుకుని, అందరినీ కలుపుకుపోయిన మహాతల్లి అని పొగిడి, మౌనం పాటించమన్నాడు. అందరం లేచాం. ఆ పిల్ల కూడా కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. ఫొటో వైపు చూసి, "మే... డం," అని పిలిచింది.

పెద్దసారు కళ్లు తెరిచి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నేను పోయి ఆయనకూ ఆ పిల్లకూ మధ్య నిలబడ్డాను. వేలు అలాగే ఉండిపోయింది. నా వెనక, ఆ పిల్ల తనకెంత సేపు కావాలో అంత సేపూ తీసుకుని, మళ్లీ పిలిచింది.