లాభం అంటే ఒకటే

మా బావ పోయాడు. భూపాలపల్లి కట్టె డిపోలో కాపలా పని చేసేవాడు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడట. మళ్ళీ లేవలేదు. డిపో లారీలోనే ఆయన్ను జనగామకు తెచ్చి మా అక్క ఇంటి ముందు దించారు.

మట్టి చేసి వచ్చిన మూడోనాడు పేపర్లో జిల్లా పేజీ మూలకు నాలుగు వరుసలు పడ్డాయి. 'ఒకప్పుడు లెక్క తప్పి గెలిచిన బాక్సర్ మృతి.'

లెక్క తప్పి గెలిచాడట! రాసినవాడెవడో నాకు తెలియదు. తెలిస్తే ఈ రాత రాసే బదులు వాడి గుమ్మం ముందు నిలబడి నోటితోనే చెప్పేవాణ్ణి. నేను ఎనిమిదో తరగతి దాటనివాణ్ణి, అక్షరాల్లో తప్పులుంటే మీరు సర్దుకోండి. ఆ రోజు లెక్కలో మాత్రం తప్పు లేదు. నేను అక్కడే ఉన్నాను.

బావది మహబూబాబాద్. మా నోట్లో అది మానుకోటే. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. తెరిచాక నేను ఇక బడి మొహం చూడలేదు. బావ మాత్రం ఆ ఖాళీలోనే ఒక విద్య పట్టుకున్నాడు. రైల్వే క్వార్టర్ల వెనక ఒక మాజీ సిపాయి ఊక నింపిన గోనె సంచిని చెట్టుకు వేలాడదీసి పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. మిగిలినవాళ్ళంతా చేతులు నొప్పి పుట్టి మానేశారు. ఈయన మానలేదు. మా అక్కను చేసుకుని జనగామ మార్కెట్లో హమాలీగా చేరినప్పుడు, పెట్టె కంటే ముందు ఆ గోనె సంచే మా వాకిట్లోకి దిగింది.

బావ అన్నాక బామ్మర్ది ఊరుకుంటాడా? ఒకనాడు ఆ ఊకలో మిరప తాలు కలిపాను. తెల్లవారి ఆయన గుద్దిన ప్రతి గుద్దుకూ ఘాటు లేచింది. వాడకట్టు మొత్తం తుమ్మింది. కండ్లు ఎర్రగా వాచిపోయి నా దగ్గరికి వచ్చాడు. ఇక నా వీపు పగిలిందే అనుకున్నాను.

"మంచి పనే చేసినవుర బామ్మర్ది. కండ్లు మూసుకొని గుద్దుడు గూడ వచ్చింది" అన్నాడు.

రింగు బయట ఆయన ఎవరి మీదా చెయ్యెత్తగా నేను చూడలేదు. బస్తా దించినా మెల్లగా దించేవాడు, పడుకోబెట్టినట్టు.

జనగామ మార్కెట్లో భారీ బరువు బాక్సింగ్ పోటీ పెట్టారు. బావ పేరిచ్చాడు. పట్నం నుంచి వచ్చిన ఛాంపియన్ అప్పటికి చాలా ఏళ్ళుగా ఓడింది లేదు. గెలిచినవాడికి కప్పుతోపాటు ఆటల కోటాలో సర్కారు కొలువు ఉందని పోటీ పెట్టిన సంఘం పెద్ద మైకులోనే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొలువంటే, బావ వీపు మీద నుంచి బస్తా దిగడం.

గంట కొట్టి లెక్కపెట్టాల్సిన మనిషి రైలు తప్పి రాలేదు. మైకు దగ్గర ఉన్నది మా మార్కెట్లో తూకం వేసే దడ్వాయి. పెద్ద గొంతు. "నువ్వే కొట్టు గంట, నువ్వే పెట్టు లెక్క" అని సంఘం పెద్దే ఆయన్ను కూర్చోబెట్టాడు.

నాలుగో రౌండులో బావ ఎడమ చెయ్యి ఛాంపియన్ పక్కటెముకల కింద దిగింది. ఆ గుద్దుకు తెలివి పోదు. చెవులు వింటుంటాయి, కండ్లు చూస్తుంటాయి, కాళ్ళు మాత్రం మాట వినవు. ఛాంపియన్ మోకాళ్ళ మీద కూలి పక్కకు ఒరిగాడు.

దడ్వాయి మొదలుపెట్టాడు. "లాభం..."

మా దగ్గర ధాన్యం కొలిచేవాడు ఒకటి అనడు. మొదటి కొలత లాభం. ఏడు అని కూడా అనడు, ఏడుపు గుర్తొస్తుందని. ఆరున్నొక్కటి అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన నోరు అట్లాగే లెక్కపెట్టింది. మైకు ముందు మాత్రం మారుతుందా?

"లాభం... రెండు... మూడు..." మార్కెట్ మొత్తం గొంతు కలిపింది. "ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది..." రింగులో రిఫరీ ఆ లెక్కకు సరిగ్గా వేళ్ళు చూపిస్తూ పోయాడు. లాభానికి ఒక వేలు. అది నేను చూశాను. పది అనేసరికి హమాలీలు బావను భుజాల మీదికెత్తారు. రోజూ బస్తాలెత్తే భుజాలు అవి.

వారం తిరగలేదు. గెలిచిన కప్పు తెమ్మని సంఘం గదిలోకి బావను పిలిచారు. కిటికీ బయట నేనున్నాను. ఛాంపియన్ తరఫున వచ్చినాయన నవ్వుతూ అన్నాడు: "లాభం అనేది అంకె ఎలా అవుతుందండీ? మావాడు ఒకటి ఎప్పుడంటారా అని పడుకుని ఎదురుచూశాడు. లెక్క మొదలైందనే తెలియలేదు పాపం. వీళ్ళకి అంకెలు పలకడం కూడా రాదా ఏమిటి?"

గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో సగం మంది ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళే, ఇంట్లో లాభం, రెండు అని వడ్లు కొలిపించుకునేవాళ్ళే. సంఘం పెద్ద తీర్పు చెప్పాడు: లాభం లెక్కలోకి రాదు, పెట్టింది తొమ్మిదే, పోటీ చెల్లదు, కప్పు పాత ఛాంపియన్‌కే పోతుంది.

బావ కప్పు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు.

"ఊకున్నవేంది బావా? రిఫరీ వేలు సూపిచ్చిండు గద! గా ముక్క అనరాదు?"

"అన్న. వేలు గూడ లెక్కల్లకు రాదన్నరు."

"మరి ఎట్ల?"

"లెక్క అర్థం కాలేదన్నడట. గుద్దు అర్థమైంది గద." నాలుగడుగులు వేసి ఆగాడు. "కొలువు సంగతి మీ అక్కకు జర నువ్వే చెప్పు. నాతోని కాదు."

నేనే చెప్పాను. ఆ చెప్పడం ఎట్లా ఉంటుందో ఆ గదిలో నవ్వినవాళ్ళు ఒక్కసారైనా తెలుసుకోవాలని నా కోరిక.

ఇంకో రెండు నెలలకు సంఘం పెద్ద పొలంలో పండిన పల్లికాయ మార్కెట్‌కు వచ్చింది. ఆయనకు లింగాల ఘనపూర్ దిక్కు భూములున్నాయి. దడ్వాయి కాంటా పెట్టి మొదటి బస్తాకు "లాభం" అన్నాడో లేదో, నేను పక్క కుప్ప మీదికెక్కాను.

"అయ్యా దొరా! లాభం లెక్కల్లకు రాదని తమరే సెప్పిన్రు గద! మొదటి బస్తా ఉత్తదే. హమాలీలూ, పంచుకోన్రి!"

మార్కెట్ పగలబడి నవ్వింది. కుర్రాళ్ళు నిజంగానే బస్తా మూతి విప్పారు. ఆయన ముఖం చూడాల్సింది. "లాభమంటే ఒకటేరా, గాడిదకొడకా!" అని అరిచాడు. నలుగురి ముందు, నిండు మార్కెట్లో, తన నోటితో. పల్లికాయ దగ్గరికొచ్చేసరికి లాభం అంకె అయింది! మరి అదే రోజు కప్పు తెచ్చి ఇవ్వాలా, వద్దా? ఇవ్వలేదు. బావే వచ్చి నన్ను కుప్ప మీద నుంచి కిందికి గుంజాడు. "వాని పల్లికాయ వానికియ్యిర" అన్నాడు గానీ, ఇంటికి పోయేదాకా ఆయన భుజాలు నవ్వుకు ఊగుతూనే ఉన్నాయి.

తరవాత కొన్నేళ్ళకు, ఎక్కడో సముద్రాల అవతల, ప్రపంచానికే పెద్ద ఛాంపియన్‌ను నిన్నమొన్న వచ్చిన కుర్రవాడు ఓడించాడని పేపర్లో పడింది. హోటల్లో ఒక రిటైరైన మాస్టారు పైకి చదివి తేల్చేశాడు: "గాలివాటు గెలుపు. దీనికేం విలువ లేదు."

బావ చాయ్ ఊదుకుంటూ అడిగాడు. "సారూ, ఓడినాయన ఏమన్నడట?"

"ఓడానని ఒప్పుకున్నాడట."

"గట్లయితే గది బరువైన గెలుపే సారు. గెలుపు ఎంత బరువున్నదో గెలిచినోనికి ఏమెరుక? అది ఎవని మీద పడ్డదో వాడు సెప్పాలె."

కొన్ని నెలలకు ఆ పెద్దాయనే మళ్ళీ గెలిచి కప్పు తెచ్చుకున్నాడు. మాస్టారు పేపరు ఊపుకుంటూ వచ్చాడు. "చూశావా? నేను చెప్పలేదూ?"

"మల్ల గుంజుకున్నడంటె మొదలు పోయినట్టే గద సారు. పోనిదాన్ని ఎవడన్న గుంజుకుంటడా?"

ఈ రెండు మాటలతో ఎంత పెద్ద గెలుపునైనా తూచవచ్చు. మా పట్నం ఛాంపియన్‌ను తూచి చూడండి. ఓడానని అనలేదు. మళ్ళీ రమ్మని బావ ఎన్నిసార్లు కబురు పెట్టినా రింగులోకి రాలేదు. పడుకుని ఒకటి కోసం ఎదురుచూసినవాడికి లేచి రెండోసారి రావడానికి ఏం అడ్డం? గుద్దు గుర్తుంది, అదే అడ్డం. ఇది లెక్క తప్పిన గెలుపా? ఆ రోజు తప్పింది ఒక మనిషికి రావాల్సిన కొలువు. తప్పించినవాళ్ళు పేర్లతో సహా బతికే ఉన్నారు, సన్మానాలకు శాలువాలు కప్పించుకుంటున్నారు.

బావ వీపు చెడేదాకా బస్తాలు మోశాడు. చెడ్డాక భూపాలపల్లి పోయి కట్టెలకు కాపలా కూర్చున్నాడు. మనవలు ఎత్తుకొమ్మంటే, మొదట వాళ్ళ చిన్న పిడికిలి పట్టుకుని బొటనవేలు బయటికి తీసేవాడు. "లోపట పెట్టుకుంటే ఇరుగుతది బిడ్డా" అని చెప్పి అప్పుడు ఎత్తుకునేవాడు.

ఆయన్ను మట్టి చేసిన రోజు దడ్వాయి వచ్చాడు. ముసలివాడైపోయాడు, గొంతు పోయింది. మేం ఒక్కొక్కరం గుంతలోకి పిడికెడు మట్టి వేస్తుంటే ఆయన పెదవులు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకున్నాను. దగ్గరికి పోతే వినిపించింది. "లాభం... రెండు..." పిడికిలి పిడికిలికీ లెక్క. నేను వేసింది ఆరున్నొక్కటి. మా అక్క కొడుకు వేసింది తొమ్మిది.

తరవాతి వంతు ఆయనదే. వంగి మట్టి తీసుకున్నాడు. గుంత అంచున నిలబడ్డాడు. పది అనాల్సిన పెదవులు కదలలేదు. "ఎయ్యి పెద్దయ్యా" అన్నారెవరో. ఆయన వెయ్యలేదు. మేమంతా కాళ్ళు కడుక్కుని వెనక్కి తిరిగి చూసేసరికి కూడా అక్కడే ఉన్నాడు. ఎర్రమట్టి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది, పిడికిలి మాత్రం విప్పలేదు. బొటనవేలు బయటికే ఉంది.