టీచరమ్మ ఎదురుచూసిన కేక

మా సందులో యాదలక్ష్మి అంత బాగా ప్రాణభయంతో అరిచే మనిషి ఇంకొకరు లేరు. అది ఆమె ఉద్యోగం. నల్లగొండ పక్క పల్లె నుంచి పెళ్లయి ఎల్బీనగర్ వచ్చింది. మొగుడు పోయాక సినిమాల్లో గుంపులో నిలబడే పని పట్టుకుంది. భూకంపం, అగ్నిప్రమాదం, వరద... ఇరవై ఏళ్లలో తెర మీద ఆమె చావని చావు లేదు. ఇంత చేసినా ఒక్క సినిమాలోనూ ఆమె మొహం నాలుగు క్షణాలకు మించి కనపడలేదు.

ఆ నాలుగు క్షణాలకూ ఒక అభిమాని ఉండేది. పక్క పోర్షన్ కుసుమకుమారి, భీమవరం వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు. ఆవిడకూ ఎవరూ లేరు. యాదలక్ష్మి ఉన్న సినిమా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడుతోందంటే చాలు, మోకాళ్ల నొప్పులు మర్చిపోయి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లేది. "అదిగో మా యాదమ్మ" అని వెనక వరుసకు వినపడేలా చెప్పేది. నేనుండేది పై అంతస్తులో కాబట్టి ఆ కబుర్లన్నీ మెట్ల దగ్గర నాకూ వినక తప్పేది కాదు.

వరద సినిమా ఇద్దరూ మూడుసార్లు చూశారు. ముందు సైరను, వెనకే తాటిచెట్టంత అల, జనం కేకలు, అందులో అందరికంటే ముందు యాదలక్ష్మి కేక. అక్కడ అల లేదు, గిల లేదు, ఆకుపచ్చ గుడ్డను చూసి పరుగెత్తాం, నీళ్లు తర్వాత కంప్యూటర్లో పోశారని యాదలక్ష్మి ఎన్నిసార్లు చెప్పినా టీచరమ్మ ఒప్పుకోలేదు. అంత కేక ఉత్తినే ఎలా వస్తుందనేది.

ఆ ఏడాది అక్టోబరులో రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. మా ఇళ్లు ఒకప్పుడు రోడ్డుకు పైనే ఉండేవి. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోయారు. ఇప్పుడు మూడు మెట్లు కిందికి దిగితేగాని కింది పోర్షన్ల గుమ్మాలు రావు. ఎవరిని తిట్టాలో తెలియక తిట్టడం మానేశాం. ఆ మధ్యాహ్నం నీళ్లు ముందు రోడ్డు మీంచి రాలేదు. స్నానాల గది తూములోంచి చప్పుడు లేకుండా ఊరాయి.

యాదలక్ష్మి షూటింగులో ఉంది. మా ఎగువ చెరువు నిండిందని ఎవరో అంటే విని టీచరమ్మకు ఫోన్ చేసి, వెంటనే పైకి పొమ్మంది. నీళ్లు చీలమండ దాకా కూడా లేవు, పుస్తకాలు మంచం మీదికి సర్దుతున్నానని టీచరమ్మ నవ్వింది.

"వరదంటే ఇలా వస్తుందా యాదమ్మా? నువ్వు అరిచినప్పుడు వెళ్తాలే" అని ఫోన్ పెట్టేసింది.

గంటలోపే వెనకాల మురుగు నాలా గోడ కూలింది. మెట్ల గుంత నిండిపోయింది. టీచరమ్మ గుమ్మానికి బయటికి తెరుచుకునే ఇనుప తలుపు ఆ నీళ్ల బరువుకు కదల్లేదు. అప్పుడు నేను బాల్కనీలో నిలబడి, రోడ్డు మీద కొట్టుకుపోతున్న బండ్లను వీడియో తీస్తున్నాను. దాచడమెందుకు, పెద్ద అల ఒకటి వస్తుందేమోనని ఎదురుచూశాను కూడా. నా కాళ్ల కింద ఒక మనిషి తలుపు తోస్తోందని నాకు తోచలేదు.

"నా కేకలే ఆమెను ఆగం చేసినయి" అంది యాదలక్ష్మి, టీచరమ్మ పోయిన పదకొండో రోజున. నీ తప్పేముందని నేనన్నాను. నాతో వాదించలేదు, నమ్మనూ లేదు.

తిండి కోసం షూటింగులకు వెళ్తూనే ఉంది. కానీ వరద సీనులో గొంతు పెగలకపోతే ఆమెను పక్కన నిలబెట్టి ఇంకొకరి చేత అరిపించారట. తను ఉన్న కొత్త సినిమా వస్తే దిల్‌సుఖ్‌నగర్‌కు ఒక్కతే వెళ్లి, సగంలో లేచి వచ్చేసింది. తెర మీద తను కనపడ్డప్పుడు పక్క సీట్లోంచి మాట వినపడలేదట. ఆ మాట కోసమే ఇన్నేళ్లూ సినిమాకు వెళ్లానని అప్పుడు తెలిసిందట.

మొన్న ఆగస్టులో ఒక మధ్యాహ్నం తూములోంచి మళ్లీ నీళ్లు ఊరాయి. పాదం కూడా మునగలేదు. యాదలక్ష్మి సందు మధ్యలోకి వచ్చి నిలబడి అరిచింది. ఏ సినిమాలోనూ ఆమె అలా అరవలేదు. టీచరమ్మ పోర్షన్‌లో ఇప్పుడుంటున్న సంతోషి బయటికొచ్చి నవ్వు ఆపుకుంటూ, "ఏందక్కా, షూటింగా?" అంది.

"షూటింగే. పిల్లలను ఎత్తుకో, పైకి నడువు."

నవ్వుకుంటూనే కింది నాలుగు పోర్షన్ల వాళ్లూ మా ఇంటికి ఎక్కారు. ఆ రోజు నీళ్లు మోకాలి దాకా వచ్చి, పొద్దుగూకే లోపే తీశాయి. ఇంతదానికే ఇంత కేకా అని అందరూ ఆటపట్టించారు. యాదలక్ష్మి మాత్రం సంతోషి తెరిచిపెట్టి వచ్చిన తలుపుకేసి చూస్తూ మెట్ల మీదే కూర్చుంది. టీ ఇద్దామని దిగితే, లోగొంతుకతో అంటున్న మాట వినపడింది.

"అరిచిన గద టీచరమ్మా. ఇగ రా."