చంద్రమ్మ ట్రేలో గుండుపప్పు

2016 జూన్. కాశీబుగ్గలోని ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పీలింగ్ హాలుకు నేను సూపర్వైజర్నయి అప్పటికి ఇరవై రెండేళ్లు. హాల్లో వరసకు ఎనిమిది చొప్పున ఆరు వరసలు, నలభై ఎనిమిది పీటలు. పనివాళ్లంతా ఆడవాళ్లే. ఎక్కువమంది ఉద్దానం పల్లెల నుంచి పొద్దున్నే ఆటోల్లో వచ్చేవారు.

పీలింగ్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. పెంకు తీసిన పప్పును బోర్మా అనే వేడిగాలి గదిలో ఆరబెడతారు. అప్పుడు పప్పు మీది పలుచని ఎర్ర తొక్క వదులవుతుంది. దాన్ని వేళ్లతో, మొండి చాకుతో ఒలవడమే పీలింగ్. విరగకుండా వస్తే గుండు. చీలితే బద్ద, చితికితే ముక్క. ఈ రెండిటినీ కలిపి బ్రోకెన్స్ అంటాం. మా దగ్గర బ్రోకెన్స్ నూటికి ఆరు దాకా ఒప్పుకునేవారు. వరసగా మూడు వారాలు ఆరు దాటితే ఆ మనిషికి ఇక పీట ఉండదు.

చేరిన కొత్తలో మనుషులు మంచివాళ్లే అనుకునేదాన్ని. ఆ నమ్మకం నాలుగు నెలలు ఉంది. ఒక సాయంత్రం గేటు దగ్గర తనిఖీ చేస్తుంటే ఒకావిడ కొప్పులోంచి గుప్పెడు పప్పు రాలింది. ముందు రోజే మా ఇంటికి ములక్కాడలు తెచ్చి ఇచ్చిన మనిషి ఆవిడ. ఆ తర్వాత నేను ఎవరి దగ్గరా కూరగాయలు పుచ్చుకోలేదు. పీటల విషయంలో కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాను. చుట్టాలనీ ఒక ఊరివాళ్లనీ దూరంగా కూర్చోబెట్టాలి. పోట్లాడుకున్నవాళ్లని పక్కపక్కన వేయాలి. కాపలావాడు కునుకు తీయవచ్చు గాని పగ తీయదు. ఒకరి తప్పు ఒకరు నాకు చేరవేసేవారు. మనిషి గురించి తెలుసుకోవలసింది ఇంతేనని అనుకున్నాను.

నాలుగో వరసలో చంద్రమ్మ, వరహాలమ్మ అలాగే పక్కపక్కన వచ్చారు. చంద్రమ్మకు అరవై దాటాయి. వరహాలమ్మ ఆమెకన్నా పదేళ్లు చిన్న, హాల్లోకెల్లా మంచి చెయ్యి. ఇద్దరూ ఒకప్పుడు నేస్తం కట్టుకున్నవాళ్లు. మా వైపు ఇది మాటవరస స్నేహం కాదు. దేవుడి ఎదుట చీరలు మార్చుకుని కట్టుకుంటారు. ఆ తర్వాత పేరు పెట్టి పిలుచుకోరు. అలాంటివాళ్లకు 2014 నవంబరులో మాటలు పోయాయి. ఆ నెలలోనే పక్క పీటలకు మార్చాను.

ఫ్యాక్టరీ రిజిస్టరు కాక నాకు సొంత నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో మే చివరి వారం, జూన్ మొదటి వారం చంద్రమ్మ బ్రోకెన్స్ నూటికి ఏడు. మూడో వారం కూడా ఏడు వస్తే ఆమె పని పోతుంది. ఆ మూడో వారం, అంటే జూన్ రెండో వారం, నాలుగు వచ్చింది. ఆ తర్వాతి వారమూ నాలుగే. ముసలి చెయ్యి వారంలో బాగుపడదు. పక్క పేరు చూశాను. వరహాలమ్మకు ఎప్పుడూ మూడు దాటేది కాదు. అదే రెండు వారాల్లో ఆరు. మొదట ఏడూ మూడూ పది. ఇప్పుడు నాలుగూ ఆరూ పది. విరిగే పప్పు తగ్గలేదు. ట్రే మారింది.

జూన్ 21, మంగళవారం, తూకం గది జాలీ వెనక నిలబడ్డాను. పదకొండింటికి చంద్రమ్మ నీళ్లకు లేచింది. ఆమె అటు తిరగగానే వరహాలమ్మ ఎడమ చెయ్యి పక్క ట్రేలోకి వెళ్లింది. గుప్పెడు గుండు అక్కడ పోసి గుప్పెడు బద్ద తన ట్రేలోకి తెచ్చుకుంది. మూడింటికి మళ్లీ అదే.

ముందు వరహాలమ్మను పిలిచాను.

"ఏటే వరాలూ, మూడు దాటని నీ బ్రోకెన్స్ ఆరుకెలా వెళ్లాయి?"

"వయసమ్మా. సేతులు ఊరుకుంటాయేటి."

"చంద్రమ్మ నీకన్నా పదేళ్లు పెద్ద. ఆవిడ చేతులకు వయసు తగ్గుతోందా? రెండుసార్లు చూశాను."

"సూసీసినారా. మరింకేటి అడగడం."

"ఆవిడతో నీకు మాటలు లేవు కదా."

"నేవు. సచ్చినా ఆడను. కొత్తింట్లో పాలు పొంగిత్తే నేస్తాన్ని బొట్టెట్టి పిలవాల. ఫోను సేసినాది. నానేటి, గ్యాసు బండనా ఫోన్లో బుక్ సేయడానికి?"

"మరి ఈ పనేమిటి?"

"మాటలు మానీసినాం గానీ నేస్తం మానీనేదు కదమ్మా."

ఆమెను పంపి చంద్రమ్మను పిలిచాను. ఎడమ కన్ను రెండు నెలలుగా మంచు పట్టినట్టుందని ఒప్పుకుంది. నీళ్లకు అంతసేపు ఎందుకు వెళుతున్నావంటే ఇలా చెప్పింది: "ఆవిడ సెయ్యి నా కంట పడకూడదని లేత్తనానమ్మా. పడితే ఓ మంచి మాటనాల. మాటలు నేవు గదా."

ఇద్దరి మాటలూ అతికినట్టు ఉన్నాయి. అతికినట్టు ఉన్న మాటలంటే నాకు పడదు. పోట్లాడుకుంటే పక్కపక్కన వేస్తానని హాలంతటికీ తెలుసు. ఆ పోట్లాటే నాటకమైతే? నోటుబుక్కు తీశాను. మాటలు పోయి పందొమ్మిది నెలలు. కన్ను మసకబారి రెండు నెలలు. రాబోయే చూపు లోపానికి ఏడాదిన్నర ముందు ఎవరూ పోట్లాట మొదలుపెట్టరు. లెక్క వాళ్ల వైపే ఉంది. నేను మాత్రం ఆ వైపు వెళ్లలేకపోయాను.

యజమానికి చెబితే ఇద్దరి పనీ పోతుంది. చంద్రమ్మకు కంట్లో శుక్లమని మాత్రం చెప్పాను. మిగతాది దాచాను. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. చంద్రమ్మతో అన్నాను: "ఆరు వారాలు నీ పీట ఖాళీగా ఉంచుతాను. కన్ను బాగుచేయించుకో. ఏడో వారం ఇంకొకరు కూర్చుంటారు."

జూలై 4, సోమవారం, ఆమె టెక్కలిలో ఆపరేషన్‌కు సెలవు పెట్టింది. అదే రోజు పంటి నొప్పి అని వరహాలమ్మ పెట్టింది. తలనొప్పి అని నేనూ పెట్టాను. నాకు తలనొప్పి లేదు.

టెక్కలి బస్సులో చంద్రమ్మ ముందు సీట్లో, వరహాలమ్మ చివరి సీట్లో కూర్చున్నారు. ఆస్పత్రి బల్లకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

"మందేసినాక కన్ను రుద్దకూడదని ఆవిడికి సెప్పండమ్మా," అంది వరహాలమ్మ.

"నాకు సెవుడు నేదని ఆవిడికి సెప్పండమ్మా," అంది చంద్రమ్మ.

నర్సు కాగితం పట్టుకొచ్చి వెంట వచ్చినవాళ్లు సంతకం పెట్టాలంది. నేను లేవబోయేలోపు వరహాలమ్మ లేచి వేలిముద్ర వేసింది.

"పేషెంటుకు మీరేమవుతారు?"

"నేస్తం."

"అలా రాయకూడదమ్మా. చెల్లెలని రాస్తాను."

"రాత మీది. నాను మాత్రం సెల్లిని కాను."

అంతా నా కళ్ల ముందే జరిగింది. చిక్కు కూడా అక్కడే ఉంది. నేను బస్సెక్కడం ఇద్దరూ చూశారు. చూసేవాళ్లున్నప్పుడు మనుషులు చేసింది సాక్ష్యం కాదని నా గట్టి అభిప్రాయం.

ఆగస్టు రెండో వారంలో చంద్రమ్మ తిరిగి వచ్చింది. ఇద్దరినీ వేరు వరసల్లో వేశాను. ఆమెకు నాలుగు, వరహాలమ్మకు మూడు. ఈసారి ఎవరి పప్పు వారిదే. నెల తిరక్కుండా ఇద్దరూ విడివిడిగా నా దగ్గరకు వచ్చి పాత పీటే కావాలన్నారు.

"మాటలు లేనివాళ్లకు పక్క పీటెందుకు?" అని వరహాలమ్మను అడిగాను.

"మాటలు నేకపోతే పక్కన కూకోకూడదేటి?"

ఎవరినైనా గట్టిగా వెతికితే దాచిపెట్టింది ఏదో ఒకటి దొరుకుతుందని అప్పటిదాకా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. దొరికేది ప్రతిసారీ దొంగతనమే అయి ఉండాలనుకోవడం దగ్గర నా లెక్క తప్పింది. ఆ తప్పు కొప్పులోంచి పప్పు రాలిన రోజు నుంచే ఉంది. సరిచేసుకోవడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. పోట్లాడుకున్నవాళ్లను పక్కపక్కన వేసే పద్ధతి ఆ నెలలోనే మానేశాను.

ఆ ఇద్దరికీ పాత పీటలు ఇచ్చాను. 2019 మార్చిలో రిటైరయ్యేదాకా వాళ్ల ట్రేలు రెండూ రోజూ నా చేత్తోనే తూచాను. ఒక్కనాడూ తేడా రాలేదు. వాళ్లు మాట్లాడుకోవడమూ నేను వినలేదు. నేను హాల్లో లేనప్పుడు మాట్లాడుకునేవారేమో, అది నాకు తెలియదు.