గోలీ అని అరిచిన రోజు

నిజాం మీద ఇండియా సైన్యం పోలీస్ యాక్షన్ జరిపి ఇంకా నెల తిరగలేదు. ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. ఎవరు లొంగిపోయారు, ఎవరు ఎటు పారిపోయారు, వీధి వీధంతా అదే గోల. నాకు మాత్రం ఒకటే ధ్యాస, ఫుట్‌బాల్. ఆ రోజుల్లో సికింద్రాబాద్ కుర్రాడికి ఆ పిచ్చి లేకపోతే ఒంట్లో నలతగా ఉందేమో అనుకునేవారు.

ఆదివారం మౌలాలి రైల్వే కాలనీ వాళ్లతో ఆట ఒప్పుకున్నాం. చిక్కంతా మా గోల్‌కీపర్‌తోనే. బన్సీలాల్‌పేటలో ముస్లిం దర్జీగారి అబ్బాయి, నా చిన్ననాటి దోస్తు. సైన్యం వచ్చిన రోజు నుంచి గడప దాటలేదు. జిల్లాల్లో ఎక్కడో ఉన్న వాడి మేనమామ కబురు తెలియడం లేదు. వెళ్లి, పిన్నిలా ఖాలా అని పిలిచే వాళ్లమ్మ ముందు కూర్చున్నాను.

"ఖాలా, నేనే తోల్కపోతా, నేనే తోల్కొస్తా."

"పానం మీదికి రాదు గద బిడ్డా?"

"ఉత్త ఆటనే ఖాలా! ఏం పరేషాన్ గాకు."

నాకప్పుడు వాడి భయం కంటే ఆ మ్యాచే ఎక్కువ. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

మైదానంలో వాడు బాగానే నిలబడ్డాడు. రెండు బంతులు ఆపాడు, ఒకసారి నవ్వాడు కూడా. ఇంతలో ఒక బంతి ఎత్తుగా లేచి మా గోలు మీదికి వస్తోంది. వాడు ముందుకొచ్చి పట్టాలి. ఎప్పటిలాగే గొంతు చించుకున్నాను.

"గోలీ! గోలీ!"

కీపర్‌ని మేం గోలీ అనే పిలిచేవాళ్లం. ఈ ఊళ్లో తుపాకీ తూటా కూడా గోలీయే. ఆ నెలలో ఆ మాట నలుగురిలో అరిచిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. చూడ్డానికొచ్చిన జనం చెప్పులూ గొడుగులూ వదిలేసి ఒకటే పరుగు. "అరే, ఆటల గోలీ!" అని మొత్తుకుంటే ఇంకా ఉరికారు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే వెనక్కి తిరిగాను. బంతి గోలులో పడి ఉంది. వాడు లేడు.

ఇంట్లో దొరికాడు, కుట్టుమిషను వెనక. అరికాళ్లు చీరుకుపోయాయి. నాకు ఒళ్లు మండింది.

"నిన్నే పిలిచిన గదరా! మూడేండ్ల సంది గట్లనే పిలుస్తలేనా?"



"నీ గొంతని ఎరుకే," అన్నాడు వాడు. "గందుకే ఉరికిన. వేరేటోడు అరిస్తే ఆట అనుకుందును. అమ్మకు మాటిచ్చినోడివి, నువ్వరిస్తే నిజమనుకున్న."