దేవుని కుండ

ఈ పొద్దున పిండిమరకు పంపడానికి జొన్నల సంచి మూతి విప్పాను. ఎండుగడ్డి, దుమ్ము కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నా కుడిచేయి దానంతటదే వెనక్కి పోయింది. డెబ్బై ఏళ్లు దాటినా చేతికి జ్ఞాపకం పోలేదు. పోయినవారం బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "జేజీ, ఒకటి మానాలని శానా తూర్లు ప్రార్థన చేసినా. మానలేకపోతాండా" అన్నావు గదా చిన్నోడా, అది ఏందని నేను అడగలేదు. నా సంగతి మాత్రం చెప్తాను, మనవలూ మనవరాళ్లూ మీరంతా వినండి.

మా పల్లె కర్నూలుకు పడమరగా, నల్లరేగడి చేల నడుమ ఉండేది. వానలు పడిన ఏడు జొన్నకంకులు పాలు పోసుకునే వేళకు, పిడకల నిప్పుమీద కాల్చి నలిపిన ఆ లేతగింజల ఊచబియ్యం నోట్లో వేసుకుంటే పెదాలన్నీ మసి అయ్యేవి. క్రిస్మస్‌కు కొర్రబియ్యం బెల్లపు పాయసం, ఓళిగలు ఉండేవి. చర్చి అంటే బోదగడ్డి కప్పిన కొట్టమే. దాని ముందర ఆడపిల్లలం గచ్చకాయలాడుతుంటే, మాకు వాక్యం చెప్పే ఉపదేశయ్య చిరుగంట కొట్టి లోపలికి పిలిచేవాడు.

పొయ్యి వెలిగించే ముందు అమ్మ ఒక పిడికెడు జొన్నలు తీసి, మూలనున్న చిన్న కుండలో వేసేది. అది దేవుని కుండ. దేవునికిచ్చింది ఎంతని చూసుకోకూడదని మా పాలెంలో ఎవరూ అందులోకి తొంగిచూసేవాళ్లు కాదు. ఆదివారం ఉపదేశయ్య ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకునే, వరసకొకటిగా పెట్టిన గోనెలోకి వంచేవాళ్లు. మా వరస నాలుగిళ్ల గింజలు అన్నమ్మవ్వకు పోయేవి. ఆమెకు మొగుడు లేడు, బిడ్డలు లేరు, చూపు కూడా సగమే.

తరువాత వరుసగా రెండేళ్లు వాన లేదు. చేలు పగుళ్లిచ్చాయి, పశువులు పోయాయి, మా ఇంట్లో రోజుకొక్కపూట అంబలి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ రాళ్లు కొట్టే పనికి పోగానే కుండలో చేయి పెట్టి పిడికెడు పచ్చిజొన్నలు నమిలేదాన్ని. మొదటిరోజు ఆకలికి తిన్నాను. తరువాత ఊళ్లో పోసే కరువు గంజి తాగొచ్చిన రోజు కూడా తిన్నాను. కుండ తేలికైతే ఎత్తినప్పుడు అమ్మకు తెలుస్తుందని వంకలోని ఇసుక తెచ్చి పోసి కదిపేదాన్ని. ఆదివారం కళ్లు మూసుకుని ఏడ్చి, ప్రభువా ఇంక చెయ్యను అనేదాన్ని. మంగళవారానికి చేయి మళ్లీ కుండలోనే.

ఒకరోజు గింజలమూట ఇచ్చి అవ్వ దగ్గరికి నన్నే పంపారు. ఆమె చాటలో పోసి వేళ్లతో తడిమి ఇసుక ఏరుతోంది.

"రాళ్లుండాయా అవ్వా?"

"ఉండాయిలేమ్మే. పండ్లుంటే గదా నాకు నొప్పి!" అని నవ్వి, చాటలో మిగిలింది తడిమి, "ఎవురో నాకంటే ఆకలైనోళ్లు" అంది.

చాటలో మిగిలింది ఒక పూటకు కూడా రాదు. ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకున్నాను. అది చూసి కూడా, తెల్లారి మళ్లీ తిన్నాను. ఇది మాత్రం దాచకుండా చెప్తున్నాను. ఏడుపుతో చేయి ఆగలేదు.

ఆ సాయంత్రమే అమ్మతో చెప్పేశాను. ఆమె కొట్టలేదు. కుండ తెచ్చి నా ముందర పెట్టింది.

"దేవునికి చెప్పుకున్నా మా."

"కండ్లు మూసుకోని చెప్పుకున్నావు. ఇంగ కండ్లు తెరిచి అవ్వకు చెప్పు. రేపట్నించి పిడికెడు నీ చేత్తోనే తీసి, నువ్వే ఎత్తుకపోయి ఇయ్యి."

పోయి చెప్పాను. అవ్వ నా చేయి తడిమి, "ఈ చెయ్యేనా?" అంది. అంతే. మూడురోజులు సరిగ్గా తీసుకుపోయాను. నాలుగోరోజు దారిలోనే మూట విప్పి సగం తిన్నాను.

"మళ్లా తిన్నా అవ్వా."

"తింటే తిన్నావు. వచ్చి చెప్పినావు గదా. రేపు రా."

అట్లా తిని చెప్పిన రోజులు తగ్గుతూ వచ్చాయి. ముఖం చూసి చెప్పాలనే తలపు, దారిలో మూట విప్పబోయే చేతిని పట్టుకునేది. ఎండలు ముదిరేనాటికి ఇరవైరోజులు ఒక్క గింజ ముట్టలేదు. ఆ మాట చెప్పాలని పరుగెత్తిన పొద్దున ఆమె గుడిసె ముందర జనం ఉన్నారు. అవ్వ పోయింది. ఆకలికా, వయసుకా, ఎవరూ చెప్పలేదు. "నా వల్లనా మా?" అని అమ్మను అడిగితే, "కాదు" అంది, ముఖం చూపకుండా. మూట విప్పకుండా తెచ్చి కుండలో వేశాను. ఆమెకు చెప్పాల్సిన మాట నాలోనే ఉండిపోయింది.

ప్రభువు క్షమించాడనే నమ్ముతాను. కానీ ఆ ఇసుక ఇంకా నా పండ్ల కింద కరకరమంటుంది.

ఇప్పుడు ఆ వంక లేదు, కొట్టం లేదు, దేవుని కుండ అంటే మీ అమ్మలకే తెలియదు. చర్చిలో మైకులున్నాయి, పాటలు గట్టిగా వినిపిస్తాయి, ఒకరి తప్పు ఒకరికి చెప్పుకునే గడప మాత్రం ఎక్కడా కనపడదు. చిన్నోడా, అదేందో నాకు చెప్పొద్దు. చేసినావో లేదో, ఆ ఒక్కమాట చెప్పు చాలు. ఈరోజు చేసినా సరే, రేపు ఫోన్ చెయ్యి. త్వరగా చెయ్యి నాయనా, నాక్కూడా వయసైంది.